తవిటయ్య ఇంట్లో నడిచిన చిల్లు

మబ్బులమెట్టలో తెలివి ఎవరింట్లో ఉందని ఎవరైనా అడిగితే తవిటయ్య తడుముకోకుండా తన ఇంటివైపే వేలు చూపించేవాడు. కొండ మీది ఊరు. చలికాలం వచ్చిందంటే పొద్దెక్కేదాకా పక్కింటి గోడ కూడా కనబడదు. అంత చలిలో తెలివి గడ్డకట్టుకుపోతుందని తవిటయ్య పగలూ రాత్రీ తలకి కంబళి ముక్క చుట్టుకునేవాడు. అతని భార్య బంగారమ్మ, ఉన్న తెలివి జారిపోకుండా రెండు చెవుల్లోనూ దూది కుక్కుకునేది. ఆమె తమ్ముడు పోలయ్య కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. అతను మాత్రం తలకీ చెవులకీ ఏమీ పెట్టుకోడు. "నాకున్నదాన్లో కొంత పోయినా మిగిలింది ఊరికి సరిపోతాది" అనేవాడు.

ఇంత తెలివైన ఇంటికి ఒక దిగులు వచ్చిపడింది. కూతురు చిన్నమ్మలుకి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పిల్లని తీసుకొద్దామని తవిటయ్య సంబరంగా వెళితే, వియ్యపురాలు గవరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ ఇంటి పెంకులు మీ తాత ఏయించినవి కదా అన్నయ్యా? పసిబిడ్డ మీద మంచు నీళ్ళు కారితే ఎవరిది పూచీ? వచ్చే సంత నాడు పిల్లని నేనే తీసుకొచ్చి మీ ఇల్లు సూస్తాను. ఒక్క చిల్లు కనబడిందా, పిల్లని ఎనక్కి తెచ్చీసుకుంటాను. కాన్పు మా ఇంట్లోనే!"

పెళ్ళయి చిన్నమ్మలు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి తవిటయ్యకి తన ఇంట్లో అన్నం సయించడం లేదు. పిల్ల తన ఇంట్లో, తన కళ్ళ ముందు తల్లి కావాలి. అతనికి అంతకు మించి ఏ కోరికా లేదు. తిరుగు దారంతా కంబళి ముక్కతో కళ్ళు తుడుచుకుంటూనే నడిచాడు.

దారిలో పెంకులు నేసే ముత్యాలు ఎదురయ్యాడు.

"ముత్యాలూ, కప్పు బాగు చెయ్యాలో అక్కర్నేదో ఎలాగ తెలుస్తాది?"

"తెలీకపోడానికేటుంది? వాన నేకుండా పొద్దున్నే ఇంట్లో చుక్కలు పడితే పెంకు పగిలినట్టే. ఎండొచ్చాక తలుపులేసి లోపల నిలబడండి. నేల మీద ఎండ పొడ ఎక్కడ పడితే దాని పైన చిల్లున్నట్టు. అక్కడ ముగ్గుతో గుర్తెట్టి ఉంచండి. సంత నాడొచ్చి సరిచేస్తాను" అని ముత్యాలు తన దారిన తాను పోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. పెంకుల మీద మంచు కరిగి టప్పున ఒక చుక్క పోలయ్య నోట్లో పడింది.

"బావా, చుక్క!"

"బయట వానుందేటి?"

"నేదు."

ముగ్గురి ముఖాలూ వాడిపోయాయి. కానీ బంగారమ్మ ఊరికే చెవుల్లో దూది పెట్టుకోలేదు. "వాన నేకుండా పడితేనే కదా తప్పు? వానుంటే ఎవలింట్లోనైనా పడతాది" అంది. అంతే! పోలయ్య నిచ్చెనెక్కి కడవలకి కడవలు నీళ్ళు ఇంటి మీద గుమ్మరించాడు. ఇంకేముంది, పగిలిన పెంకుల సందుల్లోంచి నీళ్ళు ధారలు కట్టి పొయ్యి ఆరిపోయింది, పరుపులు నానిపోయాయి. తవిటయ్య నిలువునా తడిసి వణుకుతూ, "ఒక గండం గడిచింది. మన పెంకులు పగల్నేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

పొద్దెక్కింది, మంచు విడింది. తలుపులు వేసి చూస్తే పొయ్యి పక్కన అప్పడమంత ఎండ పొడ. బంగారమ్మ దాని చుట్టూ నీటుగా ముగ్గు పెట్టి, ఆరిన పొయ్యి మళ్ళీ రాజేసుకుని గంజి కాచింది. కాచి ఇటు తిరిగేసరికి పొడ ముగ్గు దాటి ఇవతలికి వచ్చేసింది.

"ఓలమ్మో! చిల్లు లేచి ఎలిపోతంది!"

తవిటయ్య వంగి చూశాడు. నిజమే. "కింద పొడ నడిచిందంటే పైన చిల్లూ నడుస్తన్నట్టే. ముత్యాలు రెండ్రోజులు ఆగి వస్తే దీన్నెక్కడ పట్టుకుంటాడు? గుర్తెట్టు, గుర్తెట్టు!"

బంగారమ్మ మళ్ళీ ముగ్గు పెట్టింది. చిల్లు మళ్ళీ దాటింది. ఆమె పెడుతూనే ఉంది, అది దాటుతూనే ఉంది. ముగ్గుపిండి అయిపోతే బియ్యప్పిండి తీసింది, అదీ అయిపోయింది. ఇల్లంతా తెల్లబడింది గానీ చిల్లు మాత్రం నిలబడలేదు.

"ముగ్గుకి లొంగే రకం కాదిది" అని తవిటయ్య కోళ్ళ గంప తెచ్చి దాని మీద బోర్లించాడు. పొడ గంప మీదికెక్కి కూర్చుంది. "గంప తేలిగ్గా ఉందని ఎక్కీసింది. పోలయ్యా, మీద కూకో" అన్నాడు. పోలయ్య గంప మీద కూర్చున్నాడు. ఇంకేముంది, పొడ పోలయ్య బట్టతల మీద పడింది.

బంగారమ్మ గొల్లుమంది. "నా తమ్ముడి నెత్తికి చిల్లడిపోయిందిరో!"

"ఎలాగుందిరా?" అన్నాడు తవిటయ్య.

"యెచ్చగుంది బావా."

"కొత్త దెబ్బ ఎప్పుడూ యెచ్చగానే ఉంటాది. నొప్పి తరవాత తెలుస్తాది."

గుప్పెడు పసుపు తెచ్చి నెత్తిన అద్దారు. పొడ జరిగి చెవి మీదికి వచ్చింది. చెవిలోంచి లోపలికి దూరిపోతుందని పోలయ్య కేకలు పెట్టి గంప మీంచి దొర్లి పడ్డాడు. పడ్డవాడు లేచి తడుముకుంటే తల తలలాగే ఉంది. చిల్లు మాత్రం నేల మీదికి దిగి, ఏమీ ఎరగనట్టు గోడవైపు పోతోంది. సాయంత్రానికి గోడెక్కి, ఎక్కినది ఎక్కినట్టే మాయమైపోయింది.

"మన తెలివి సూసి జడిసి ఇల్లొదిలి పారిపోనాది" అన్నాడు తవిటయ్య. ఆ పూట ముగ్గురూ తడి పరుపుల మీద హాయిగా నిద్రపోయారు.

మర్నాడు మంచు విడేసరికి చిల్లు మళ్ళీ పొయ్యి పక్కన కూర్చుని ఉంది.

తవిటయ్య దాని ఎదురుగా చతికిలబడిపోయాడు. తెల్లారితే సంత. గవరమ్మ వస్తుంది, దీన్ని చూస్తుంది, పిల్లని తీసుకుపోతుంది. చిన్నమ్మలు వెనక్కి తిరిగి చూస్తూ బండెక్కడం అతని కళ్ళకి అప్పుడే కట్టినట్టయింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి తల మీది కంబళి ముక్క సర్దుకున్నాడు.

"ఒలే, చిల్లెక్కడుంటాది?"

"కప్పులో ఉంటాది."

"మరి కప్పే నేకపోతే?"

బంగారమ్మ, పోలయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తెలివి తమ ఇంట్లోనే పుట్టిందని వాళ్ళకి ఒళ్ళు పులకరించింది. అంతే! ముగ్గురూ పైకెక్కి పెంకులన్నీ దించేశారు. వాసాల నీడలు నేల మీద చారలు చారలుగా పడుతుంటే గవరమ్మకి అనుమానం వస్తుందని వాసాలూ పీకేశారు. పెంకులు పెరట్లో పనసచెట్టు కింద పేర్చి, పాపం మంచుకి తడిసిపోతాయని ఇంట్లో ఉన్న రగ్గులన్నీ తీసుకెళ్ళి వాటి మీద కప్పారు. లోపలికి వచ్చి చూస్తే ఇల్లంతా ఒకటే వెలుగు. పొడ అన్నది మచ్చుకైనా లేదు.

సంత నాడు పొద్దున్నే ముత్యాలు పనిముట్లతో వచ్చాడు. "బాగు చెయ్యడానికేటీ మిగల్నేదు ముత్యాలూ, మేవే చేసీసుకున్నాం" అన్నాడు తవిటయ్య. ముత్యాలు పైకి చూశాడు, వాళ్ళని చూశాడు, వెనక్కి తిరిగి గబగబా కొండ దిగిపోయాడు.

మధ్యాహ్నం గవరమ్మ చిన్నమ్మలుని బండి దింపి, చేయి పట్టుకుని లోపలికి నడిపించింది. తలుపు వేయించింది. నేలంతా వంగి వంగి వెతికింది. తవిటయ్య ఊపిరి బిగబట్టి ఆమె కళ్ళే చూస్తున్నాడు.

"ఎండ పొడ నేదే!" అంది గవరమ్మ. తలెత్తింది. "పగిలిన పెంకూ ఒక్కటి నేదు. వదినా, చుక్కలేమైనా పడతన్నాయా?"

"ఒక్క చోట పడితే చుక్క అనాల. మాకు ఇల్లంతా సమానంగా దిగుతాది వదినా" అంది బంగారమ్మ.

గవరమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది. "మేం పోయినేడే కొత్త పెంకులేయించినాం. అయినా మూల కారతానే ఉంది. ఎంత తెలివితక్కువ పని! ఇంటికెళ్ళగానే తీయించీస్తాను. పిల్లని ఉంచుకో అన్నయ్యా, ఇంతకంటే మంచి ఇల్లు దానికెక్కడ దొరుకుతాది?" అంది.

తవిటయ్య మొహం వెలిగిపోయింది. కూతురి తల నిమురుతూ అలాగే నిలబడిపోయాడు.

గవరమ్మ బండి మలుపు తిరిగింది. పొద్దు వాలింది. కొండ మీంచి మంచు దిగి నేరుగా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. కుంపటి పక్కన చిన్నమ్మలుకి పళ్ళు టకటకమంటున్నాయి.

"నాన్నా, చలి."

తవిటయ్య తలుపు గడియ వేశాడు. కిటికీ మూశాడు. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కాడు.

"అన్నీ ఏసినా లోపలికి వచ్చీసింది నాన్నా" అంది చిన్నమ్మలు. ఆ తండ్రికి తగ్గ కూతురు మరి.

తవిటయ్య బిడ్డ చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దాడు. మంచుగడ్డల్లా ఉన్నాయి. ఎంత తంటాలు పడి తెచ్చుకున్నాడు పిల్లని! తల మీది కంబళి ముక్క సర్దుకుని, మెల్లగా తలెత్తాడు.

"చలి ఎక్కడికొచ్చింది తల్లీ?"

"లోపలికి."

"లోపల అన్నదుంటేనే కదా అదొచ్చేది?"

ఇంకేముంది! పోలయ్య బావ కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు. పెట్టి, చెప్పకుండానే గడ్డపార అందుకుని పడమటి గోడ మీద ఒక్క పోటు పొడిచాడు. బంగారమ్మ రోకలి పట్టుకుని ఉత్తరపు గోడకి తగులుకుంది. చీకటి పడకముందే నాలుగు గోడలూ నేలమట్టమయ్యాయి.

తలుపు ఒక్కటీ ద్వారబంధంతో సహా మిగిలింది. దాన్నీ పడగొడదామని పోలయ్య గడ్డపార ఎత్తాడు.

"వద్దురా!" అని తవిటయ్య పరిగెత్తుకొచ్చి గడియకి అడ్డం పడ్డాడు. "అది తీసీనావంటే పిల్లకి చలేస్తాది!"