బట్టలు: నలుపు

ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆ రోజు పడవలో నేను ఎర్ర చున్నీ వేసుకున్నాను. కొలతల పుస్తకంలో మాత్రం "బట్టలు: నలుపు" అని రాశాను.

ఈ పని నాకు కాలేజీ నేర్పలేదు. సగం ఇంటర్నెట్‌లో చూసి, సగం నిజాంపట్నంలో గౌసు మాస్టారి పడవలో నేర్చుకున్నాను. పైనుంచి ఉపగ్రహం సముద్రం రంగు చూసే వేళకే కింద మేమూ అదే నీటి రంగు కొలవాలి. వెలుగు కొలిచే మీటరుని మొదట తెల్ల పలకకేసి, తర్వాత నీటికేసి పెట్టి, ఆ రెండూ పోల్చి లెక్కేస్తాం. మా కొలతలతోనే ఉపగ్రహం చూపు సరిచేస్తారు.

మాస్టారు రోహిణి ఎండల్లోనూ నల్ల చొక్కానే వేసేవారు. పడవ నడిపే పోలేరయ్య ఊరుకునేవాడు కాదు.

"మాస్టారూ, ఈ ఏడైనా మాల తీస్తారా?"

"నువ్వు ఇరుముడి కట్టు, కొండకెళ్లొచ్చి తీస్తా."

ఎందుకు నలుపని నేనూ అడిగాను.

"మన రంగు పలక మీద పడుద్ది. సముద్రాన్ని చూసేటప్పుడు మనం కనపడకూడదమ్మా."

విన్నాను. కానీ ఆయనకి జ్వరమొచ్చి నన్నొక్కదాన్నే పంపిన రోజు నా పుట్టినరోజు. అంత ఎత్తునున్న ఉపగ్రహానికి నా చున్నీ ఓ లెక్కా అనుకున్నాను.

తర్వాతి వారం మాస్టారు తెల్ల చొక్కాలో వచ్చారు. నల్లది ఆరలేదట. రేవంతా ఈలలు. సముద్రం మీదకెళ్లాక మీటరు పెట్టె తెరవబోతే, మూత మీద చెయ్యి పెట్టారు.

"ఒక్క చొక్కాకేనా మాస్టారూ? వారమంతా కాచుకున్నాం."

ఆయన చెయ్యి తియ్యలేదు. ఉపగ్రహం వెళ్లిపోయింది.

"రాసుకోమ్మా. బట్టలు తెలుపు. కొలతలు లేవు."

రాశాను. పై వరుసలోనే నా "నలుపు".

"వారం దండగైంది కదా?"

"లేవని రాశాంగా. దండగేముంది?"

అప్పుడే చెప్పాల్సింది. కలానికి మూత పెట్టేశాను.

మూడేళ్లయింది. ఇప్పుడు హైదరాబాదులో తెర ముందు కూర్చుని ఉపగ్రహం పంపే ఆ తీరం పటాలు చూస్తుంటాను. ఎప్పుడు చూసినా డీజిల్ వాసన, పోలేరయ్య నవ్వు గుర్తొస్తాయి. పోయిన వారం అక్కడ విషనాచు పట్టిన ఎర్రనీరు ఒడ్డుదాకా వచ్చింది. పటంలో నీరు మామూలుగానే ఉంది. అది నమ్మి రొయ్యల చెరువుల్లోకి ఆ నీరే తోడుకున్నారు. పలక మీద ఎరుపు పడితే నీటిలో ఎరుపు తక్కువ కనిపిస్తుంది. నా వల్లేనా? ఆ రోజు కొలతలు తీసేసి చూస్తేగానీ తెలీదు.

"ఆ పిల్ల రాసిందా? అయితే మళ్లీ చూడక్కర్లేదు" అంటారట మాస్టారు, ఇప్పటికీ.

ఈపాటికి నమాజు ముగించుకుని టీ తాగుతుంటారు. ఫోన్ చేస్తాను.