నడిమధ్య లేని వల

ఏనాటి మాటో ఎవరూ లెక్క కట్టలేదు. సముద్రం ఇంకా ఊరికి దూరంగా, బుద్ధిగా ఉండేదట. ఆ ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో తాటాకుల బడి. ఆ బడిలో నూకరత్నం అనే పంతులమ్మ.

నూకరత్నానికి నా అన్నవాళ్లు లేరు. రెండు చీరలూ గంపెడు ఓపికా, అదే ఆవిడ ఆస్తి. పిల్లలు ఏదడిగినా ఆవిడది ఒకటే మాట: "చెప్పనర్రా, చేసి చూద్దాం రండి."

ఆ పిల్లల్లో పైడితల్లి ఒకతె. దాని అయ్య చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి పిల్ల నోట మాట లేదు. బడికొచ్చేది, మూల కూచునేది, వెళ్లిపోయేది.

ఒకనాడు పిల్లలు అడిగారు.

"పంతులమ్మా, కంటికి ఆననంత చిన్నవి ఉన్నాయంటావు. కనబడనివి ఉన్నాయని ఎలా తెలుస్తాది?"

"చెప్పనర్రా, చేసి చూద్దాం రండి."

మూడు రాళ్ల మీద గంప బోర్లించింది. లోపల ఏదో పెట్టింది. గంప ఎత్తకుండా కిందనుంచి గోలీలు దొర్లించమంది. కొన్ని తిన్నగా అవతలికి పోయాయి. కొన్ని పక్కకి తిరిగాయి. ఒకటి ఠంగుమని వెనక్కే వచ్చేసింది. అవి పోయిన దారులు సుద్దతో గీసి చూసి, "గుండ్రటిది! చెంబు!" అని అరిచారు పిల్లలు. ఎత్తితే చెంబే. పైడితల్లి మూలనుంచి కాస్త ముందుకి జరిగింది.

ఇంకోనాడు, నీళ్లలో కరిగిన ఉప్పు ఏమైపోతాదని అడిగారు.

"చెప్పనర్రా, చేసి చూద్దాం రండి."

ఉప్పు కలిపిన నీళ్లు పళ్లెంలో పోసి ఎండలో పెట్టింది. నీళ్లు ఆరిపోయాయి. పళ్లెం నిండా తెల్లగా ఉప్పు తేలింది.

పైడితల్లి లేచి నిలబడింది. ఎన్నాళ్లకో నోరు విప్పింది.

"అయితే మా అయ్య కూడా వస్తాడా?"

నూకరత్నం పళ్లెం పక్కన పెట్టింది. అబద్ధం చెబితే పిల్ల నవ్వుతుంది. ఎన్నాళ్లు నవ్వుతుంది? దగ్గరికి తీసుకుని, "రాడమ్మా. ఉప్పు వచ్చినట్టు మనిషి రాడు" అంది.

పిల్ల చెయ్యి విదిలించుకుని పారిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు పంతులమ్మే వాళ్లింటికి వెళ్లింది.

"దాన్నేటీ అనకు పంతులమ్మా" అంది తల్లి అప్పయ్యమ్మ. "అందరూ నన్నొదిలేసి దూరంగా పోతన్నారని ఒకటే ఏడుపు."

చూరుకి వల వేలాడుతోంది. నూకరత్నం దానివైపు చూసింది. "ఒక్క పూటకి ఇస్తావా?"

మొగుడు పోయాక ఆ వల ఎవరూ ముట్టలేదు. అయినా అప్పయ్యమ్మ తనే లేచి దించింది.

ఇసకలో వల కుప్పగా పోశారు. పిల్లలు కొందరు అంచున, కొందరు లోపల, పంతులమ్మతో సహా తలా ఒక ముడి పట్టుకున్నారు. తల్లి చెయ్యి పట్టుకొచ్చిన పైడితల్లి కూడా ఒకటి పట్టుకుంది.

"మెల్లగా ఎడంగా జరుగుతూ వల విప్పుకోనీండి. ఎవరు ఎవరికి దూరమవుతున్నారో చెప్పండి" అంది పంతులమ్మ.

"అందరూ నాకే దూరమవుతన్నారు!" అన్నాడొకడు.

"కాదు, నాకు!"

"నాకు!"

"ఆకాశంలో ఎక్కడో దూరాన ఉన్న కోట్ల చుక్కల గుంపులూ ఇంతేనర్రా" అంది నూకరత్నం. "ఏ గుంపులో నిలబడి చూసినా మిగతావన్నీ దూరమవుతున్నట్టే ఉంటాయి. ఎవరూ ఎవర్నీ వదిలేసి పోవడం లేదు. నడుమ ఉన్న జాగాయే సాగుతోంది."

పైడితల్లి అందరి మొహాలూ చూసింది.

"నీకూ అలాగే ఉందా పంతులమ్మా?"

"నాకూ అంతే తల్లీ."

పిల్ల తన ముడి వదలకుండానే నడిచొచ్చి పంతులమ్మని ఆనుకుని నిలబడింది.

ఏళ్లు గడిచాయి. నూకరత్నం కన్నుమూసింది. ఏడవడానికి అయినవాళ్లు లేరు. పైడితల్లి ఆ వల తెచ్చి ఇసకలో పరిచింది. పల్లె పల్లెంతా వచ్చి తలా ఒక ముడి పట్టుకుంది.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఏ ఇంట్లో మనిషి పోయినా, ఏడుపులు సద్దుమణిగాక వల పరుస్తారు. ఆ ఇంటివాళ్లని నడిమధ్య నిలబెట్టాలా అని కొత్తవాళ్లెవరైనా అడిగితే, అక్కడి ముసలమ్మలు చెప్తారు:

"ఈ వలకి నడిమధ్య లేదు నాయనా. నువ్వూ ఒక ముడి పట్టుకో."