మురహరి కళ్లె పరీక్ష

మురహరికి ఆ కిటికీ దగ్గర కూర్చోవడమంటే చచ్చేంత సిగ్గు.

ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందని బంధువులందరికీ చెప్పుకున్నాడు. తీరా చేరాక పెద్దాసుపత్రిలో అతన్ని కూర్చోబెట్టింది కళ్లె పరీక్ష కిటికీ దగ్గర. క్షయ ఉందో లేదో తేల్చే పరీక్ష అది. దగ్గేవాళ్లంతా పొద్దున్నే డబ్బీల్లో కళ్లె పట్టుకుని వచ్చి వరసలో నిలబడతారు. పక్కగదిలో చూస్తే ఏసీ, రక్తం పరీక్షకి కొత్త మిషను, ఇస్త్రీ నలగని తెల్ల కోట్లు. ఇక్కడేమో ఉమ్ములు, ఈగలు. తెలిసినవాళ్లెవరైనా అటు వస్తుంటే మురహరి బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కునేవాడు.

ఆ ల్యాబ్‌కి పెద్ద మస్తాన్ వలీ గారు. ఆ చుట్టుపక్కల మైక్రోస్కోపులో కన్ను పెట్టిన ప్రతివాడూ ఏదో ఒకనాడు ఆయన పక్కన స్టూలు వేసుకుని నేర్చుకున్నవాడే. మనిషి నెమ్మది. మాట తక్కువ. తిట్టడం అసలు రాదు. తిడితేనే బాగుండునని శిష్యులు అనుకునేవాళ్లు, ఎందుకంటే తిట్టకుండా ఆయన చేసే పని అంతకన్నా గట్టిగా తగిలేది.

ఒకరోజు మురహరి ఇక ఆగలేక అడిగేశాడు.

"సార్, నన్ను మిషన్ గదిలో వేయండి. ఎన్నాళ్లని ఈ జనం ఉమ్ములు చూస్తూ కూర్చోమంటారు?"

వలీ గారు గాజుపలక తుడుస్తూ అన్నారు. "చూస్తున్నావా?"

"రోజంతా అదేగా సార్ చేస్తున్నది!"

"సరేలే" అన్నారాయన.

పని రానివాడా అంటే కాదు. గాజుపలక మీద కళ్లె పల్చగా పూయడం, మంట చూపించడం, ఎర్రరంగు పోసి, ఆమ్లంతో కడిగి, పైన నీలం వేయడం, అన్నీ అతనికి కొట్టిన పిండి. నీలంలో సన్నటి ఎర్ర గీతలు కనబడితే క్షయ ఉన్నట్టు. చిక్కంతా అంతకు ముందు చేయాల్సిన పనితో వచ్చింది. డబ్బీ మూత తీసి, లోపల ఏముందో వెలుతురుకి పెట్టి చూడాలి. లోపలి నుంచి దగ్గితే వచ్చిన చిక్కటి కళ్లె అయితేనే పరీక్షకి పనికొస్తుంది. నోట్లో ఊరిన ఉమ్మి అయితే, ఇది కాదమ్మా అని చెప్పి మళ్లీ తెప్పించాలి. ఉమ్మిని ఎంతసేపు వెతికినా జబ్బు బయటపడదు.

మన మురహరి డబ్బీలోకి చూసేవాడు కాదు. ముక్కుకి రుమాలు కట్టుకుని, మొహం అటు తిప్పుకుని, పుల్ల ముంచి పైకి తీసేవాడు.

ఇక కిటికీ దగ్గర అతని గొంతు వినాలి. "పేరేంటి? కళ్లె తెచ్చావా? ఆ పళ్లెంలో పెట్టు. నా దాకా తేకు!" ఆ కేకకి వరస మొత్తం తిరిగి చూసేది. ముందున్నవాళ్లు ఒకడుగు జరిగేవాళ్లు. వెనకున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. డబ్బీ తెచ్చిన మనిషి ప్రాణం చచ్చిపోయేది.

అలా ప్రాణం చచ్చిపోయినవాళ్లలో తిరుపతమ్మ ఒకతె. మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పని. చంటిపిల్ల తల్లి. దగ్గు పట్టుకుని వదలకపోతే డాక్టరు గారు పరీక్షకి రాశారు. డబ్బీని కొంగు చాటున దాచుకుని తెచ్చి, పళ్లెంలో పెట్టి, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయింది. క్రిములు కనబడలేదని మురహరి రాసిచ్చాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగానే కనబడలేదు. మిరప ఘాటుకి వచ్చిన దగ్గేలెమ్మని అందరూ అనుకున్నారు. మందు సీసా ఇచ్చి పంపేశారు.

కొన్ని వారాలకి ఆమె మళ్లీ వచ్చింది. సగం మనిషయింది. ఈసారి చంటిపిల్ల కూడా చంకలో ఉంది. పిల్లకి ఒళ్లు వెచ్చగా ఉంటోందని, పాలు సరిగా తాగడం లేదని, ఇంట్లో వదిలి రాలేకపోయానని చెప్పింది. డాక్టరు గారు తల్లికి మళ్లీ కళ్లె పరీక్ష రాశారు.

"మొన్న చూశాంగా! ఏమీ లేదని చెప్పాంగా!" అన్నాడు మురహరి కిటికీలోంచి. "సరే, ఆ పళ్లెంలో పెట్టు. నా దాకా తేకు."

లోపలికి వచ్చి వలీ గారితో విసుగ్గా అన్నాడు. "మిరప ఘాటు సార్. ఆ గోడౌనులో దగ్గనివాళ్లెవరు? ఊరికే మన ప్రాణం తీయడానికి."

వలీ గారు లేచి ఆ డబ్బీ తీసుకున్నారు. మూత తీసి కిటికీ వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ వంచి చూశారు. మళ్లీ మూత పెట్టేశారు. తర్వాత అరలోంచి ఒక ఖాళీ డబ్బీ తీసి మురహరి చేతిలో పెట్టారు.

"నువ్వు కూడా చాలా రోజులుగా దగ్గుతున్నావు. నీ కళ్లె తీసుకురా అబ్బాయ్. పరీక్ష చేద్దాం."

మాట నిజమే. జలుబు చేసి తగ్గాక కూడా మురహరికి దగ్గు మిగిలిపోయింది.

"అలాగే సార్. ఇక్కడే లోపల..."

"అందరూ ఎటు నుంచి ఇస్తారో అటు నుంచి ఇవ్వు."

నవ్వుతున్నారేమోనని మురహరి ఆయన మొహం చూశాడు. నవ్వడం లేదు. వెళ్లి కిటికీ దగ్గర మురహరి కుర్చీలో కూర్చున్నారు.

మురహరి డబ్బీ పట్టుకుని బయటికి వచ్చాడు. ఎక్కడికి పోవాలో తోచలేదు. చిత్రమేమిటంటే, ఇన్నాళ్లుగా తెమ్మనడమే తప్ప, వీళ్లంతా ఎక్కడికి వెళ్లి తెస్తున్నారో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. వరండా నిండా జనం. కుళాయి దగ్గర క్యారియర్లు కడుక్కునే ఆడవాళ్లు. గోడ పక్కన ఇడ్లీ పొట్లాలు విప్పుకుని తినేవాళ్లు. గోడవైపు తిరిగి గట్టిగా దగ్గబోయాడు. తినేవాళ్లలో ఒకాయన చటక్కున పొట్లం మూసి, చీదరగా చూశాడు. దగ్గు గొంతులోనే ఆగిపోయింది.

ఇంతలో వెనక నుంచి పిలుపు. "ఏంటి మురహరీ! నీకూ అంటుకుందా?" వాళ్ల వీధిలో బట్టల కొట్టు సాంబశివరావు. జాలిగానే అడిగాడు గానీ, అడుగుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

మురహరికి తల కొట్టేసినట్టయింది. నోట్లో ఉన్నదేదో గబుక్కున డబ్బీలో ఉమ్మి, మూత బిగించి, రుమాలు చాటున దాచుకుని వరసలోకి వచ్చాడు. తిరుపతమ్మ పక్కనే నేల మీద పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఆమె అతన్ని చూసింది. చూసి, అతనికి ఇబ్బందవుతుందని కాబోలు, కళ్లు దించుకుంది. ఆ దించుకోవడం చూసి మురహరి మరీ కుంగిపోయాడు.

అతని వంతు వచ్చింది.

"పేరేంటి?" అన్నారు వలీ గారు.

"సార్, నేనే..."

"పేరేంటి? కళ్లె తెచ్చావా? ఆ పళ్లెంలో పెట్టు. నా దాకా తేకు!"

ఆ మెత్తటి మనిషి నోట అంత కేక ఎవరూ ఎప్పుడూ వినలేదు. అచ్చం మురహరి కేకే. వరస మొత్తం తిరిగి చూసింది. మురహరి పళ్లెంలో డబ్బీ పెట్టాడు.

లోపలికి వచ్చేసరికి వలీ గారు అతనిదీ తిరుపతమ్మదీ రెండు డబ్బీలూ మూతలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి ఉంచారు.

"వీటిలో నీదేదో చెప్పు."

మురహరి వంగి చూశాడు. ఆ ల్యాబ్‌లో చేరాక అతను ఒక డబ్బీలోకి సరిగ్గా చూడటం అదే మొదలు. రెండింట్లోనూ నీళ్లలాంటిదే ఉంది. పైన తెల్లటి బుడగలు.

"తెలీడం లేదు సార్. రెండూ ఉమ్మే."

"మరి మొన్న ఆమె తెచ్చిందేమిటి?"

"చూడలేదు సార్."

వలీ గారు ఇంకో ఖాళీ డబ్బీ తీసి బల్ల మీద పెట్టి, తన మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లిపోయారు.

మురహరి ఆ డబ్బీ తీసుకుని బయటికి వచ్చి తిరుపతమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. కేక వేయలేదు. "అమ్మా, ఇంకొక్కసారి ఇవ్వాలి. నేను చూపిస్తాను, రా" అన్నాడు.

ఆసుపత్రి వెనక దండేల మీద ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాటి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. ముందు నీళ్లతో నోరు పుక్కిలించమన్నాడు. గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, పొట్టలోంచి దగ్గమన్నాడు. ఆమెకి అర్థం కాక చూస్తుంటే తనే పక్కకి తిరిగి, పక్కటెముకలు పట్టుకుని గట్టిగా దగ్గి చూపించాడు. ఎవరు వింటారోనన్న ధ్యాస కూడా లేదు.

"పిల్లని ఇలా ఇవ్వు. నేను దూరంగా ఉంటాను. నువ్వు నెమ్మదిగా కానియ్."

ఆమె జంకుతూనే పిల్లని ఇచ్చింది. మురహరి పిల్లని భుజాన వేసుకుని దుప్పట్లకి ఇవతల నిలబడ్డాడు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. అవతల తల్లి దగ్గుతోంది, లోపల ఏదో చీరుకుపోతున్నట్టు దగ్గుతోంది. అంతలో భుజం మీద పిల్ల కూడా దగ్గింది. బుల్లి దగ్గు. మందు పడాల్సిన తల్లికి మందు పడని ఆ వారాలన్నీ ఈ పిల్ల ఆ ఒళ్లోనే పడుకుంది కదా అనిపించింది మురహరికి.

ఆమె తెచ్చిన డబ్బీ అతను చేత్తో అందుకున్నాడు. అక్కడే మూత తీసి చూశాడు. చిక్కగా, పచ్చగా ఉంది.

గాజుపలక తయారుచేసి మైక్రోస్కోపు కింద పెట్టాక వెతకాల్సిన పని కూడా పడలేదు. నీలం నిండా ఎర్రటి గీతలే. మురహరి కన్ను తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టాడు. గీతలు అలాగే ఉన్నాయి. పక్కకి జరిగి వలీ గారికి చోటిచ్చాడు. ఆయన చూసి తలాడించారు.

"డాక్టరు గారికి నేను చెబుతాను. ఆమెకి ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను సార్."

వెళ్లి ఆమెని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. జబ్బు ఉందని, మందులు వాడితే నయమవుతుందని, పిల్లని కూడా ఇవాళే డాక్టరు గారు చూస్తారని. మొన్నటి పరీక్ష సరిగ్గా జరగలేదని కూడా చెప్పాడు, ఎవరి వల్లో మాత్రం చెప్పలేదు. చెప్పి తిరిగొచ్చి తన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమంది?" అన్నారు వలీ గారు, కన్ను మైక్రోస్కోపులోంచి తీయకుండానే.

మురహరి తల వంచుకున్నాడు. "నన్ను ఏమీ అనలేదు సార్. తప్పు తనదేనంది. జనంలో సిగ్గేసి సరిగ్గా తేలేకపోయానంది. నీకు శ్రమ ఇచ్చాను బాబూ అని దణ్ణం పెట్టింది."

వలీ గారు తలెత్తి అతని వైపు చూశారు.

"నువ్వు ఊరుకున్నావా?"

మురహరి లేచి మళ్లీ బయటికి వెళ్లాడు. తిరుపతమ్మ పిల్లనెత్తుకుని మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉంది. ఆమెకి ముందూ వెనకా జనం. ఆ జనం మధ్యలోంచి అతను ఆమె దగ్గరికి నడిచాడు.