రెండు రిమోట్ల రాజు

కరెంటు వచ్చినా రాజులు ఇంకా పోని రోజుల్లో, కంచరగిరి అనే రాజ్యం ఉండేది పిల్లలూ. దాన్ని విజయభూపతి అనే రాజు ఏలేవాడు.

ఆ రాజ్యంలో ఒకప్పుడు ఇంటింటా వీడియో గేమ్ పెట్టె ఉండేది. దాన్ని టీవీకి తగిలించి, పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చి, చేతిలో రిమోట్ మీటలు నొక్కుతూ తెర మీది బొమ్మ చేత గుంటలు దూకించేవారు. క్యాసెట్ మొరాయిస్తే తీసి, ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చేవారు. తర్వాత కొత్త ఆటలు వచ్చాయి. ఉన్నవాళ్ళు పాత పెట్టెల్ని వీధిలో పారేశారు. లేనివాళ్ళు వాటిని ఏరి తెచ్చుకుని, ఊడిన మూతకు తాడు కట్టి, తెగిన వైరుకు టేపు చుట్టి, హాయిగా ఆడుకున్నారు. అప్పుడు ఒక్క పెద్దమనిషీ ఆ పెట్టెల వంక కన్నెత్తి చూడలేదు.

ఒకనాడు రత్నాకరుడనే వర్తకుడు కొలువుకు వచ్చాడు.

"ప్రభూ, పాత గేమ్ పెట్టెలకు ఇప్పుడు మహా గిరాకీ. పొరుగు రాజు వాటిని అద్దాల బీరువాల్లో పేర్చి వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. తమ దగ్గర ఒక్కటీ లేకపోవడం..." అంటూ మిగతా మాట మింగేశాడు.

రాజు ముఖం మాడిపోయింది. "మన రాజ్యంలో దొరకవా?"

"ఎందుకు దొరకవు ప్రభూ? గుడిసెల్లో పడి ఉన్నాయి. ఆ జనానికి వాటి విలువేం తెలుసు? ఆడి ఆడి అరగదీస్తున్నారు."

అరగదీస్తున్నారట. ఆట వస్తువుతో ఆడకపోతే హారతిస్తారా?

మర్నాడే వీధివీధినా చాటింపు వేశారు. రాజ్యంలో ఉన్న మంచి గేమ్ పెట్టెలన్నీ రాజుగారివి. పాడైనవి మాత్రం ఎవరివి వాళ్ళు ఉంచుకోవచ్చు. ఆ రెండో మాట రత్నాకరుడే చేర్పించాడు, పనికిరాని సరుకు కోటలోకి రాకూడదని.

భటులు ఇళ్ళ మీద పడ్డారు. బొమ్మ గాల్లో ఉండగానే వైరు పీకేశారు. పెట్టెల మీద పిల్లలు రాసుకున్న పేర్లు గీకేసి, "శ్రీ విజయభూపతి వారి సేకరణ" అని బంగారు అక్షరాలు అతికించారు. చెత్తలోంచి ఏరింది ఒకరు, బాగుచేసుకుంది ఒకరు, పేరు మాత్రం రాజుగారిది. బీరువాలకు తాళాలు పడ్డాయి. తాకినవాడికి శిక్ష. పోనీ రాజైనా ఆడాడా అంటే, రిమోట్ ఎటు పట్టుకోవాలో కూడా చూడలేదు.

చివరికి ఒక్క పెట్టె మిగిలింది. అది బుట్టలల్లేవాళ్ళ వీధిలో సూరమ్మ పాకలో ఉంది. పొద్దంతా వెదురు చీల్చి వేళ్ళు కోసుకుపోయిన జనం సాయంత్రం ఆ పాకలో చేరేవారు. అక్కడ నియమం ఒక్కటే. నీ బొమ్మ చచ్చిపోతే రిమోట్ పక్కవాళ్ళకివ్వాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ఆ వీధికున్న సరదా అదొక్కటే. అదీ పోతే ఇక మిగిలేది వెదురూ, నెత్తురూ.

మొదట బసవడనే భటుడు వచ్చాడు. "అవ్వా, పెట్టె ఇచ్చెయ్. రాజాజ్ఞ."

"ఇస్తాలే నాయనా. వచ్చి వరసలో నుంచున్నావు, నీ వంతు వచ్చింది. ముందు ఆడు," అంది సూరమ్మ.

బసవడు ఈటె గోడకు ఆనించి కూర్చున్నాడు. బొమ్మ గుంటలో పడింది. రిమోట్ పక్కనున్న పోలయ్యకిచ్చి, అతను ఆ గుంట ఎలా దాటుతున్నాడో కళ్ళార్పకుండా చూశాడు. మళ్ళీ తన వంతు వచ్చేసరికి తనూ దాటాడు. అందరూ వీపు తట్టారు. అతను కోటకు వెళ్ళి, "ఆ పెట్టె నా చేత్తో తేలేను. కావాలంటే నా కొలువు తీసేయండి," అన్నాడు. తీసేశారు. నిజం చెప్పినవాడికి ఆ కోటలో దొరికిన బహుమానం అది.

రెండోసారి రత్నాకరుడే వచ్చాడు, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని. ఆడలేదు. క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని మీద ప్లాస్టిక్ కాగితం ఉండాలే?"

"చించేశాం."

"అట్టపెట్టె?"

"పొయ్యి రాజేశాం."

రత్నాకరుడు గుండె పట్టుకున్నాడు. "తెరవకుండా ఉంచితే దీని విలువ ఎంతుండేదో తెలుసా అమ్మా?"

"అరటిపండు తినడం రాకపోతే తొక్కకు విలువ కట్టాల్సిందే నాయనా," అంది సూరమ్మ. పాకంతా నవ్వింది.

అతను మండిపడుతూ రాజు దగ్గరకు పరుగెత్తాడు. "ప్రభూ, అది ఇద్దరు కలిసి వంతెన దాటే ఆట. అలాంటి క్యాసెట్ పొరుగు రాజు దగ్గర కూడా లేదు. ఆ ముసలిది లొంగడం లేదు. తమరే రావాలి."

మూడోసారి రాజే వచ్చాడు, వెనక సైన్యంతో. వీధి వీధంతా పాక ముందు గుమిగూడింది. సూరమ్మ దణ్ణం పెట్టింది.

"తీసుకెళ్ళండి ప్రభూ. కానీ మంచివి తమవి, పాడైనవి మావి అని చాటించారు. ఇది మంచిదో పాడైందో తేల్చాల్సింది తమరే. ఒక్కసారి ఆడి చూడండి."

జనం చూస్తున్నారు, కాదనలేక రాజు కూర్చున్నాడు. ఒక రిమోట్ అతని చేతిలో, ఇంకోటి సూరమ్మ చేతిలో. వంతెన మొదట్లోనే రాజు బొమ్మ పడిపోయింది.

పోలయ్య చెయ్యి చాచాడు. "ప్రభూ, వంతు."

"నాకు వంతేమిట్రా?" అని రాజు మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పడ్డాడు.

"ఈ ముసలిదే నన్ను తోసేస్తోంది," అని సూరమ్మ చేతిలో రిమోట్ కూడా లాక్కున్నాడు. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి. ఈసారి రెండు బొమ్మలూ కలిసికట్టుగా నీళ్ళలో పడ్డాయి. జనంలో ఎవరికో పెద్ద దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

రాజు రెండు రిమోట్లూ విసిరికొట్టాడు. "ఈ పెట్టె పాడైంది."

సూరమ్మ మళ్ళీ దణ్ణం పెట్టింది. "చిత్తం ప్రభూ. పాడైందని తమ నోటితోనే సెలవిచ్చారు. పాడైనవి ఎవరివి వాళ్ళవే."

రాజు నాలుక కరుచుకుని రత్నాకరుడి వంక చూశాడు. "నువ్వు చెప్పు. పాడైందా, బాగుందా?"

రత్నాకరుడికి చెమటలు పట్టాయి. బాగుందంటే రాజుగారికి చేతకాదని చెప్పినట్టు. పాడైందంటే పెట్టె పోయినట్టు. పెట్టె కంటే తల ముఖ్యం. "పాడైంది ప్రభూ. బొత్తిగా పాడైంది."

సూరమ్మ అంతటితో ఆగలేదు. తన పెట్టె దక్కింది కదా అని నోరు మూసుకునే మనిషి కాదు ఆమె.

"అయితే ప్రభూ, కోటలో ఉన్నవాటినీ తమరు ఆడి చూడలేదట. పాడైన సరుకు మీద తమ పేరు ఉంటే పొరుగు రాజు నవ్వడూ? వాటినీ తమ చేత్తోనే పరీక్ష చేయండి."

రాజుకు పౌరుషం వచ్చింది. అందరూ కోటకు కదిలారు. బీరువాలు తెరిచారు. మొదటి పెట్టెలో రాజు తొలి గుంటలోనే పడ్డాడు. రెండో పెట్టెలోనూ అంతే. ఎందుకు పడడు? ఆటలో సగం నేర్చుకునేది పక్కవాడు ఆడుతుంటే చూసే. ఎవరికీ వంతు ఇవ్వనివాడు ఎవరినీ చూడడు. చూడనివాడికి ఏం వస్తుంది?

మూడో పెట్టెలో కూడా బొమ్మ పడింది. పోలయ్య మహా విచారంగా నిట్టూర్చాడు. "పాపం, ఇదీ పాడైపోయింది ప్రభూ."

"అన్నీ పాడైనవే. ఈ చెత్తంతా తీసుకుపొండి," అని రాజు విసవిసా లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం బండ్ల మీద పెట్టెలన్నీ వీధులకు తిరిగొచ్చాయి. ఏది ఏ ఇంట్లోంచి లాక్కొచ్చారో గుర్తున్న బసవడు ముందు నడిచి ఏ ఇంటి పెట్టె ఆ ఇంటి వాళ్ళకు చేర్చాడు. పిల్లలు బంగారు అక్షరాలు పీకి పారేశారు.

రాజు మారాడా అంటే, మారలేదు. మర్నాటికే రత్నాకరుడు పాత గడియారాల సంగతి అతని చెవిలో ఊదుతున్నాడు. అలాంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు మారరు, మనమే అడిగి నిలదీయాలి.

ఆడుకునేవాళ్ళ దగ్గర లాక్కుని ఎన్ని పెట్టెలు దాచుకున్నా, పక్కవాడికి వంతు ఇవ్వలేనివాడికి ఆట దక్కదు.