తూర్పుకి తిరిగిన పాఠకుడు

"మనం రాసేది ఎవరైనా చదువుతారా మాస్టారూ?" అని ఎస్తేరు అడిగినప్పుడు పరాంకుశం వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. అడిగినవాళ్లు తమ ప్రశ్న మర్చిపోయేంతసేపు ఊరుకుంటాడు. కాలేజీలో ఫిజిక్సు చదివే రోజుల్లోనూ ఇంతే. పక్కన కూర్చునేవాణ్ణి కనుక నాకు తెలుసు.

పరాంకుశం జీవితమంతా ఒక దినపత్రికలో వారం వారం సైన్సు వ్యాసాలు రాశాడు. పక్కనే రాశిఫలాలు వేసేవారు. అందుచేత ఆయనకి ఉత్తరాలు రాలేదనడానికి లేదు. శనికి ఏ శాంతి చేయించాలో అడుగుతూ వచ్చేవి. పత్రిక వార్షికోత్సవంలో జ్యోతిష్కుడికి దండ వేసి, పక్కనున్న ఈయన ఎవరని అడిగారట. భార్య పోయాక ఆ ఇంట్లో మాట వినబడేది నేను వెళ్లినప్పుడో, ఆయన దగ్గర రాయడం నేర్చుకునే ఎస్తేరు వచ్చినప్పుడో. చూపు మందగించాక శీర్షిక ఆ అమ్మాయికే అప్పగించాడు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ సాయంత్రం ఎస్తేరు రెండు మాటలు చెప్పడానికి వచ్చింది. ఒకటి, పొద్దున అచ్చయిన వ్యాసంలో పొరపాటు. సూర్యాస్తమయం తర్వాత కాసేపు బుధుడు కనిపిస్తాడనీ, పటంలో వేసిన దిక్కున వెతకమనీ రాసింది. ఆకాశపటాన్ని తలపైకి ఎత్తి చూస్తాం కనుక అందులో తూర్పు ఎడమ పక్కన ఉండాలి. ఆమె బడిలో చూసిన అట్లాసు అలవాటుకొద్దీ కుడి పక్కన తూర్పు అని వేసింది. దాంతో పడమటి బుధుడు తూర్పుకి చేరాడు. రెండోది, ఇక రాయనని.

"సవరణ వేయిస్తావా?" అన్నాడు పరాంకుశం.

"ఎవరి కోసం మాస్టారూ? పొద్దుట్నుంచీ ఒక్క ఫోను లేదు. మా అమ్మే చదవలేదు. తప్పు పట్టేవాళ్లయినా ఉంటే బాగుండును."

ఆయన చేతికర్ర తీసుకుని మేడ ఎక్కాడు. వెనకే మేము. చుట్టూ అపార్టుమెంట్లు లేచిపోయాయి. పడమట మాత్రం రెండు గోడల సందులోంచి దూరాన ఒక పాత మేడ, దాని మీద కాస్త ఆకాశం కనిపిస్తాయి. పొద్దు వాలింది. ఆ ఎర్రదనంలో సన్నగా వెలుగుతున్న బుధుణ్ణి ఎస్తేరే మాకు చూపించింది.

సరిగ్గా దాని కింద, ఆ మేడ మీద, లుంగీ కట్టుకున్న మనిషొకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పేపరు. పేపరు కేసీ ఆకాశం కేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. బుధుడు అతని వీపు వెనక ఉన్నాడు. అతని మొహం మా వైపు ఉంది.

"ఏవండీ! అటు కాదు, వెనక్కి తిరగండి!" అని ఎస్తేరు కేకలు పెట్టింది. రోడ్డు మీది హారన్లలో ఆ కేక ఎక్కడికీ చేరలేదు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

మేమిద్దరం పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాం. ఆమె ఆ మేడ మీదికి చేరేసరికి బుధుడు దుమ్ములో కలిసిపోయాడు. ఇద్దరూ పడమటికి తిరిగి, ఏమీ లేని ఆకాశాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

తిరిగొచ్చాక "తిట్టాడా?" అని అడిగాను.

"లేదండీ. 'వెనకాల ఏదో మెరిసిందమ్మా, కానీ పేపర్లో ఇటు అని వేశారు కదా' అన్నాడు." ఆమె పరాంకుశం వైపు తిరిగింది. "రేపు వచ్చి చూపిస్తానని చెప్పాను మాస్టారూ. చదివిన ఆ ఒక్కడికీ చెప్పేశాను కదా, ఇంక సవరణ ఎందుకు?"

పరాంకుశం చేతికర్ర అందుకున్నాడు.

"మన మేడ మీంచి ఆ ఒక్క మేడే కనిపిస్తుందమ్మా," అన్నాడు.