నీలాలుకి పోసే చెంబు

అదిగో, ఆ కొండలింకా పిల్లకొండలుగా ఉన్న కాలం. అప్పుడు కాలేజీలెక్కడివని అడక్కండి, ఊఁ కొట్టండి. పట్నంలో ఒక పెద్ద కాలేజీ ఉండేదట. వేసవి రాగానే అక్కడి మాస్టారు పిల్లల్ని పల్లెలకి తోలేవాడు. "పుస్తకంలో సగమే ఉంది. మిగతా సగం ఊళ్ళో పనిచేసి నేర్చుకోండి," అనేవాడు.

అలా మా ఊరొచ్చిన గుంపులో నీలాలు ఒకతి. చేపలమ్ముకునే తల్లికి ఒక్కతే కూతురు. నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరూ ముట్టని పనేదైనా ఉంటే అది నీలాలుకే.

మొదట కాలవలు తీశారు. తర్వాత గోడలకి సున్నం కొట్టారు. ఆ తర్వాత వాకిళ్ళన్నీ ఊడ్చారు. చివరి వీధి నీలాలు వంతు. అక్కడ ఒక గుమ్మానికి ఎండిన వేపకొమ్మ వేలాడుతోంది. చెత్త అనుకుంది. లాగి పెంటలో పారేసింది.

అయ్యో పిచ్చితల్లీ! అది చెత్తా? ఆ ఇంట్లో పిల్లాడికి అమ్మవారు పోసింది, ఎవరూ లోపలికి రావొద్దని కట్టిన కొమ్మ అది. లోపల తల్లి నిద్రలేక సొమ్మసిల్లి పడుంది. కొమ్మ కనబడకపోయేసరికి పక్కింటి పైడమ్మ పిల్లలిద్దరూ చంటిదాన్ని చంకనెత్తుకుని ఎప్పట్లాగే ఆడుకోడానికి దూరారు.

కొన్నాళ్ళకి పెద్దాడికి జ్వరం. మర్నాడు నడిపిదానికి. ఆ మర్నాడు చంటిదానికి. ఒళ్ళంతా పొక్కులే.

పెంటలో ఆ వేపకొమ్మ కనబడేసరికి ఊరు భగ్గుమంది. మాస్టారు హడలిపోయి బండి కట్టించాడు. "ఎవరూ నోరెత్తకండి, ఎక్కండి," అన్నాడు. అందరూ ఎక్కారు. నీలాలు ఎక్కలేదు.

"కొమ్మ తీసింది నేను మాస్టారూ. ఎలా వస్తాను?"

"నీకూ అమ్మవారు పోస్తే?"

"పోస్తే పోయనీండి."

బండి వెళ్ళిపోయింది.

నీలాలు పైడమ్మ గుమ్మంలో నిలబడింది. "అప్పా, కొమ్మ తీసింది నేనే. పిల్లల్ని నేను చూసుకుంటాను." పైడమ్మ చీపురు తిరగేసింది. రెండోరోజు మళ్ళీ వచ్చింది. "నా గడప తొక్కావా, కాళ్ళిరగ్గొడతాను!" మూడోరోజుకి పైడమ్మ చేతుల్లో చంటిది, మంచం మీద ఇద్దరు. మొగుడు వలసపోయాడు. ఊళ్ళో పురుగు కూడా ఆ ఛాయలకి రావడం లేదు.  ఈసారి పైడమ్మ తలుపు వేయలేదు.

నీలాలు వాళ్ళకి వేపమండతో విసిరింది, గంజి తాగించింది, చీము గుడ్డలు ఉతికింది. అయినా చంటిది ఆమె ఒళ్ళోనే పోయింది.

"నువ్వే చంపావే దాన్ని!" అని పైడమ్మ గుండెలు బాదుకుంది.

"అవునప్పా," అంది నీలాలు. ఏడుస్తూనే మిగతా ఇద్దరికీ గంజి కాచింది.

ఆ ఇద్దరూ గట్టెక్కారు. వాళ్ళకి పసుపు నీళ్ళు పోసే రోజు దగ్గరపడేసరికి నీలాలు ఒళ్ళు కాలిపోతోంది, మొహమంతా పొక్కులు.

"నీకూ నీళ్ళు పోస్తానే, కాస్త ఓర్చుకో," అంది పైడమ్మ.

"ముందు పిల్లలకి కానియ్యప్పా."

అంతే, మళ్ళీ మాట లేదు. నీళ్ళు పోసే రోజు పైడమ్మ నీళ్ళు కాచి వచ్చేసరికి నీలాలు ప్రాణం పోయింది. పీటమీద ఇద్దరు పిల్లలూ కూర్చుని చూస్తున్నారు. పైడమ్మ వాళ్ళని దాటి వెళ్ళి, మొదటి చెంబు నీలాలు తలమీద పోసింది.

ఇప్పటికీ మా ఊళ్ళో ఏ బిడ్డకైనా ఆటలమ్మ తగ్గి నీళ్ళు పోస్తుంటే, మొదటి చెంబు గడప ముందు నేలమీద పోస్తారు. "ఇది నీది నీలాలూ," అంటారు. ఆ తడి ఆరేదాకా ఆగుతారు. అప్పుడుగానీ బిడ్డని పీటమీద కూర్చోబెట్టరు.