రాజుగారి కడుపులో జనం

రాజుగారికి సంతానం లేదు. తప్పు రాణులదేనని కోటలో అందరికీ తెలుసు. ఇద్దరు రాణులు పుట్టిళ్ళకు పోయారు, మూడో రాణి వచ్చింది, తప్పు మాత్రం కోట వదిలి కదల్లేదు. అది ఎవరికీ వింతగా తోచలేదు. మాఘమాసంలోపు నెల తప్పకపోతే మూడో రాణి కూడా పల్లకీ ఎక్కాల్సిందే. నాలుగో పెళ్ళికి సన్నాయి మేళం అప్పుడే సాధన మొదలుపెట్టింది.

రాణి చీనా నుంచి ఓడలో వచ్చిన వైద్యుణ్ణి పిలిపించింది. అతను ఆమె నాడి చూడలేదు. తిన్నగా వెళ్ళి రాజుగారి చెయ్యి పట్టుకున్నాడు. సభలో ఇద్దరికి పొలమారింది.

"మందు వీరికి," అన్నాడు.

"నాకా?" అని రాజు తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

వైద్యుడు ఏవో వేళ్ళూ బెరళ్ళూ కాచి ఇచ్చాడు. రాజు రెండు నెలలు తాగి, ముఖం చిట్లించడంలో ఆరితేరాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

"నీ మందు పనిచెయ్యదేమయ్యా?" అంది రాణి.

"నా వేరు అతిథి తల్లీ. ఎవరి కడుపులోనైనా కంటికి ఆననంత చిన్నవాళ్ళు కోట్లమంది ఉంటారు. వాళ్ళు కొరికి, నలిపి, వండితేనే అది మందవుతుంది. వీరి కడుపులో తలుపు తీసే దిక్కు లేదు. వేరు ఊరు చూసి వెళ్ళిపోతోంది."

వాళ్ళేమయ్యారో రాణికి వెంటనే తట్టింది. విషప్రయోగానికి భయపడి రాజు రోజూ తెల్లవారగానే ఒక చేదు కషాయం తాగేవాడు. కంటికి కనబడని శత్రువు కడుపులో ఒక్కడూ మిగలకూడదని ఆస్థాన వైద్యుడికి ఆజ్ఞ. ఆయన ఆజ్ఞ పాటించాడు. ఒక్కడూ మిగల్లేదు.

మర్నాడు రాణి ఆ కషాయాన్ని పెరట్లో పారబోసి, అన్నం నీళ్ళు కుండలో పులిసిన తరవాణి ముంతెడు తెచ్చింది.

"ఏమిటీ వాసన?"

"బతికున్నవాళ్ళ వాసన ప్రభూ. తాగండి."

"ఇందులో శత్రువులుంటే?"

"ఉంటే మాఘం దాకా ఎందుకు, రేపే నన్ను పంపేద్దురు గాని."

రాజు కళ్ళు మూసుకుని తాగాడు. రోజూ తాగాడు. వెనకే చీనా వైద్యుడి వేరు మందూ పుచ్చుకున్నాడు.

మాఘం వచ్చింది. పెళ్ళిపందిరి వేస్తుండగా రాణి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. మంత్రసాని నాడి పట్టి కేక పెట్టింది. డోలు వాళ్ళకు సంగతి తెలియదు, అయినా వాయించేశారు. వంటవాళ్ళు గరిటెలతో వచ్చి గంతులేశారు. తన కషాయమే ఆలస్యంగా పనిచేసిందన్నాడు ఆస్థాన వైద్యుడు. తన మొక్కు అన్నాడు మంత్రి. రాజు మీసం దువ్వుకున్నాడు గానీ, రాణి చూసేసరికి చెయ్యి దించాడు.

"అర్ధరాజ్యం ఇస్తాను. ఎవరికివ్వాలి?"

"మీ కడుపులో వాళ్ళకి."

"వాళ్ళని నేనెన్నడూ చూడలేదే!"

"వాళ్ళూ మిమ్మల్ని చూడలేదు ప్రభూ."

రాజు లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. కింద వీధి నిండా జనం. చాలాసేపు చూసి, అలవాటు లేని పని కాబట్టి తడబడుతూ, చేతులు జోడించాడు.

వెనక ఆస్థానమంతా గబగబా వంగి, ఎవరి పొట్టకు వాళ్ళు దండం పెట్టుకున్నారు.